గుహకు ముందు నుయ్యి: సెమీ క్లోజ్డ్ రీబ్రీదర్ ప్రాజెక్టు డైరీ

ఆషాఢం చివర: ఎంపిక

నీటితో నిండిన సున్నపురాతి గుహల్లోకి, శిక్షకుడి వెంట, పగటి వెలుగు అందని దూరం వెళ్లి రావడానికి తగిన సెమీ క్లోజ్డ్ రీబ్రీదర్ (వదిలిన ఊపిరిని శుద్ధి చేసి మళ్లీ పీల్చుకోనిచ్చే డైవింగ్ పరికరం) ఏదో తేల్చుకోవడం, దాని పనితీరును నీటిలో దిగకముందే బల్లమీద పూర్తిగా అర్థం చేసుకోవడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. మన విజయనగరం జిల్లాలో అలా డైవ్ చేయదగిన గుహ లేదు. గోస్తని నది దొలిచిన బొర్రా గుహలు మనకు దగ్గరే అయినా అవి నడిచి చూసే గుహలు. నేను వెళ్లదలచినవి అమెరికాలోని ఫ్లోరిడా ఊటలు, మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పపు నీటి గుహలు. యుకటాన్‌లో సాక్ ఆక్టున్, దోస్ ఓహోస్ అనే రెండు గుహ వ్యవస్థలు నీటి అడుగున కలిసే ఉన్నాయని 2018 జనవరిలో తేలినప్పుడు వాటి మొత్తం పొడవు 347 కిలోమీటర్లకు చేరింది. విశాఖ రేవులో ఓడల అడుగు భాగాలను పరిశీలించే డైవర్‌గా నేను పనిచేశాను కానీ, ఆ అనుభవం గుహకు చాలదు. ఓడ కింద నుంచి కాస్త పక్కకు జరిగితే ఆకాశం ఉంటుంది. గుహలో మాత్రం వెళ్లిన దారి తప్ప తిరిగి వచ్చే దారి వేరే ఉండదు.

మామూలు స్కూబాలో మనం వదిలిన ఊపిరంతా బుడగలై పోతుంది. తేలికగా ఈదుతున్న మనిషి నిమిషానికి సుమారు 20 లీటర్ల గాలి పీలుస్తాడు, అందులో శరీరం వాడుకునే ఆక్సిజన్ ఒక లీటరుకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. 18 మీటర్ల లోతులో పీడనం 2.8 బార్ కాబట్టి ఆ 20 లీటర్ల కోసం సిలిండర్ నుంచి 56 లీటర్లు ఖర్చవుతాయి. 200 బార్‌కు నింపిన 12 లీటర్ల సిలిండర్‌లోని 2,400 లీటర్లు అక్కడ 43 నిమిషాల్లో అయిపోతాయి. రీబ్రీదర్ ఈ వృథాను అరికడుతుంది. వదిలిన ఊపిరిని సంచిలో పట్టి, సోడా లైమ్ నింపిన స్క్రబ్బర్ డబ్బా గుండా పంపి, కార్బన్ డయాక్సైడ్‌ను తీసివేసి మళ్లీ పీల్చుకోనిస్తుంది. సెమీ క్లోజ్డ్ రకంలో శరీరం వాడుకున్న ఆక్సిజన్‌ను భర్తీ చేయడానికి నైట్రాక్స్, అంటే మామూలు గాలి కంటే ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న ఆక్సిజన్, నైట్రోజన్ మిశ్రమం, లోపలికి వస్తూ ఉంటుంది, మిగిలినది కొద్దికొద్దిగా బుడగలుగా బయటికి పోతుంది. గుహలో బుడగలు తగ్గడం గ్యాస్ పొదుపు ఒక్కటే కాదు. మామూలు స్కూబా బుడగలు కప్పుకు తగిలినప్పుడు అక్కడ అంటుకుని ఉన్న మట్టి రాలి చూపు పోతుంది.

ఈ మార్గం కొత్తది కాదు. బ్రిటన్‌లో గ్రాహం బాల్కంబ్ 1946లో కేవ్ డైవింగ్ గ్రూప్‌ను స్థాపించినప్పుడు వారి చేతిలో ఉన్నవి ఆక్సిజన్ రీబ్రీదర్లే. స్వచ్ఛమైన ఆక్సిజన్ లోతు పెరిగితే విషమవుతుంది కాబట్టి వారు తక్కువ లోతు దాటలేకపోయారు. 1991లో ఒలివియే ఇస్లే ఫ్రాన్స్‌లోని డూ ద కోలీ గుహలో 4,055 మీటర్ల దూరం వెళ్లింది సెమీ క్లోజ్డ్ పరికరంతోనే, అందులోనూ ఒకటి పాడైతే మరొకటి ఉండేలా మూడు వ్యవస్థలు జతచేసిన పరికరంతో. 2007 డిసెంబరులో జారడ్ జబ్లాన్‌స్కీ, కేసీ మకిన్లే ఫ్లోరిడాలో టర్నర్ సింక్ నుంచి వకుల్లా ఊట వరకు సుమారు 11 కిలోమీటర్లు, 90 మీటర్ల లోతున దాటింది కూడా ఆర్‌బీ80 అనే సెమీ క్లోజ్డ్ రీబ్రీదర్‌తోనే. వారి దూరాలు నాకు ప్రమాణాలు కావు. వాటి వెనుక ఏళ్ల తరబడి సాధన చేసిన బృందాలు ఉన్నాయి.

మార్కెట్‌లో దొరికే సెమీ క్లోజ్డ్ రకాలు ముఖ్యంగా రెండు. మొదటి దానిలో సన్నని రంధ్రం గుండా నైట్రాక్స్ నిమిషానికి ఇంత అని స్థిరంగా ప్రవహిస్తుంది, మనిషి కష్టపడినా విశ్రాంతిగా ఉన్నా ఆ ప్రవాహం మారదు. రెండవ దానిలో ఒక పెద్ద తిత్తిలో చిన్న తిత్తి ఉంటుంది. ప్రతి ఊపిరిలో సుమారు ఎనిమిదో వంతు నుంచి పదో వంతు వరకు చిన్న తిత్తి బయటికి తోసివేస్తుంది, తగ్గిన మేరకు వాల్వు తెరుచుకుని కొత్త మిశ్రమం లోపలికి వస్తుంది. ఇక్కడ ప్రవాహం ఊపిరిని బట్టి నడుస్తుంది. ధర, బరువు, విడిభాగాల లభ్యత వంటివి పోల్చుతూ పోతే పట్టిక పెద్దదవుతుంది కానీ గుహకు సంబంధించి నేను అడగదలచిన ప్రశ్న ఒక్కటే: గ్యాస్ రావడం ఆగిపోతే ఆ సంగతి నాకు ఎలా తెలుస్తుంది? ఈ డైరీ అంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

శ్రావణం: రంధ్రం, ప్రవాహం, లెక్క

స్థిర ప్రవాహం రకానికి చెందిన పాత సెట్టు ఒకటి చేతికి వచ్చింది. గుహ కోసం కాదు, ఆ రకం లోపల ఏమి జరుగుతుందో విప్పి కొలిచి చూడడానికే దీన్ని తీసుకున్నాను. గొట్టాలు, మౌత్‌పీస్ పొరలు, ఓ-రింగులు అన్నీ కొత్తవి వేసి, ముందుగా పాజిటివ్, నెగటివ్ పీడన పరీక్షలు చేశాను. సంచులు నిండుగా ఊది వాల్వులు మూసి ఉంచినప్పుడు అవి మెత్తబడకూడదు, గాలి మొత్తం పీల్చేసినప్పుడు నలిగిన గొట్టం నలిగినట్టే ఉండాలి. రెండూ నెగ్గాయి.

ఈ రకంలో గుండెకాయ వంటి భాగం ఆ సన్నని రంధ్రమే. రంధ్రానికి ముందున్న పీడనం వెనుక ఉన్న పీడనానికి రెట్టింపుకు కాస్త తక్కువగానైనా ఉన్నంతకాలం గ్యాస్ అక్కడ శబ్దవేగంతో పోతుంది, బయటి లోతు మారినా ప్రవాహం మారదు. ముందు పీడనం 10 బార్ అనుకుంటే సుమారు 43 మీటర్ల లోతు వరకు ఆ నియమం నిలుస్తుంది. అయితే ఇందుకోసం సిలిండర్ పీడనాన్ని తగ్గించి పంపే రెగ్యులేటర్‌కు నీటి పీడనం సోకకుండా మూసివేసి ఉండాలి. అందుకే మామూలు స్కూబా రెగ్యులేటర్‌ను తెచ్చి ఇక్కడ బిగించకూడదు.

డ్రేగర్ సంస్థ తన డాల్ఫిన్ పరికరానికి ప్రకటించిన ప్రవాహాలు ఈ రకాన్ని అర్థం చేసుకోవడానికి మంచి కొలబద్ద: 60 శాతం నైట్రాక్స్‌కు నిమిషానికి 5.8 లీటర్లు, 50 శాతానికి 7.3, 40 శాతానికి 10.4, 32 శాతానికి 15.6. నేను 50 శాతం మిశ్రమానికి సరిపడే రంధ్రాన్ని తీసుకున్నాను. లేతు మేస్త్రి గారు ఇత్తడి జాయింటు ఒకటి చేసి ఇచ్చారు. దాని నుంచి గొట్టం వేసి, నీళ్లు నింపి తొట్టిలో బోర్లించిన 5 లీటర్ల డబ్బాలోకి గ్యాస్ వదిలి స్టాప్‌వాచీతో కొలిచాను. 7.3 లీటర్ల ప్రవాహమైతే డబ్బా 41 సెకన్లలో నిండాలి. 47 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 6.4 లీటర్లకు మించి రావడం లేదు. నీటి మీద కొలిచినప్పుడు 30 డిగ్రీల వేడిలో ఆవిరి 4 శాతం దాకా కలవవచ్చు కాబట్టి నిజమైన ప్రవాహం అంతకన్నా కాస్త తక్కువే. పరీక్షకు వాడిన గ్యాస్ కూడా డైవ్‌లో వాడబోయేదే కావాలి, ఎందుకంటే సాంద్రత మారితే ప్రవాహం మారుతుంది.

భూతద్దంలో చూస్తే రంధ్రం అంచున ఆకుపచ్చని చిలుము కనిపించింది. సూది పెట్టి గీరితే రంధ్రం పెద్దదవుతుంది కాబట్టి ఆ పని చేయకూడదు. గంటస్తంభం దగ్గర ఒక బంగారం కొట్టులో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ తొట్టి ఉంది. ఆ షాపు యజమాని ఆసక్తిగా అడిగి తెలుసుకుని మరీ దానిలో వేసి ఇచ్చారు. ఆరబెట్టి మళ్లీ కొలిస్తే 41 సెకన్లకే డబ్బా నిండింది.

ఈ చిలుము ఎంత ప్రమాదకరమో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. లోపలికి వచ్చే ఆక్సిజన్‌లో శరీరం వాడుకున్నది తీసివేసి, దానిని మొత్తం ప్రవాహంలో అదే మొత్తం తీసివేయగా వచ్చిన దానితో భాగిస్తే సంచిలో నిలకడగా ఉండే ఆక్సిజన్ శాతం వస్తుంది. 50 శాతం మిశ్రమం 7.3 లీటర్లు వస్తూ, శరీరం నిమిషానికి ఒక లీటరు వాడుకుంటే సంచిలో 42 శాతం ఉంటుంది. ప్రవాహానికి ఎదురీదుతూ రెండు లీటర్లు వాడితే 31 శాతానికి దిగుతుంది. రంధ్రం సగం మూసుకుపోయి 3.65 లీటర్లే వస్తుంటే, ఒక లీటరు వాడకానికి 31 శాతం ఉంటుంది, అంటే ఇంకా క్షేమమే అనిపిస్తుంది. వాడకం లీటరున్నరకు పెరగగానే 15 శాతానికి పడిపోతుంది. ఇంకాస్త పెరిగితే సున్నా వైపు జారుతుంది. సంచి మాత్రం నైట్రోజన్‌తో నిండుగానే ఉంటుంది, ఊపిరి హాయిగానే ఆడుతుంది. మనకు ఊపిరాడడం లేదన్న బాధ కలిగేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. స్క్రబ్బర్ దానిని తీసివేస్తూనే ఉంటుంది కనుక ఆక్సిజన్ తగ్గిన సంగతి శరీరం చెప్పదు. మనిషి నేరుగా స్పృహ తప్పుతాడు.

నా ప్రశ్నకు ఈ రకం ఇచ్చిన జవాబు ఇది: గ్యాస్ ఆగినా అది తనంతట తాను చెప్పదు.

శ్రావణం ముగిసే ముందు: రెండవ రకం లెక్క

తిత్తుల రకంలో గ్యాస్ రావడం ఆగిపోతే ప్రతి ఊపిరికీ కొంత బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి కొద్ది ఊపిరుల్లోనే తిత్తి చిక్కిపోతుంది, పీల్చుకోవడానికి గాలి చాలదు. చీకటిలోనైనా, కళ్లు మూసుకున్నా, మీటరు చూడకపోయినా తెలిసిపోయే లోపం అది. గుహలో అలాంటి లోపం ఒక వరమని నేను నమ్ముతున్నాను.

అలాగని ఈ రకం నిర్దోషి కాదు. బయటికి పోయే వంతులో ఉండే గ్యాస్ మొత్తం పీడనంతో పాటు పెరుగుతుంది, శరీరం వాడే ఆక్సిజన్ మాత్రం లోతుతో మారదు. అందువల్ల లోతులో సంచి మిశ్రమం సిలిండర్ మిశ్రమానికి దగ్గరగా ఉండి, పైకి వస్తున్నకొద్దీ పలచబడుతుంది. 32 శాతం నైట్రాక్స్, నిమిషానికి 20 లీటర్ల ఊపిరి, 0.9 లీటర్ల వాడకం, ఎనిమిదో వంతు విసర్జన అనుకుని లెక్క వేశాను. 30 మీటర్ల వద్ద సంచిలో 26 శాతం వస్తుంది. 10 మీటర్ల వద్ద 20 శాతానికి దగ్గరగా ఉంటుంది. 3 మీటర్ల వద్ద 13, నీటి ఉపరితలం మీద 7.5 శాతం. ఈ చివరి అంకె మనిషిని పడగొడుతుంది. కనుక పైకి వచ్చేటప్పుడు సంచిని కొత్త గ్యాస్‌తో కడగడం, తక్కువ లోతుకు 50 శాతం మిశ్రమానికి మారడం, ఉపరితలానికి ముందే మామూలు స్కూబా రెగ్యులేటర్ నోట పెట్టుకోవడం అలవాటుగా స్థిరపడాలి. గుహల్లో దారి ఒకే లోతున సాగదు, మధ్యలో కప్పు దాకా ఎక్కి దిగవలసిన చోట్లు ఉంటాయి. అక్కడ కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

పైకి వచ్చేటప్పుడు ఎక్కడ ఎంతసేపు ఆగాలో తేల్చే డీకంప్రెషన్ లెక్కకు సంచిలో ఉండగల అతి తక్కువ ఆక్సిజన్‌ను, ఆక్సిజన్ విషప్రభావం లెక్కకు సిలిండర్‌లోని పూర్తి శాతాన్ని తీసుకోవాలి. ఈ నియమం రెండు రకాలకూ ఒకటే.

భాద్రపదం: సోడా లైమ్

ఈ వర్షాకాలంలో ఎక్కువ సమయం స్క్రబ్బర్ మీదే గడిపాను. సోడా లైమ్‌లో అధిక భాగం కాల్షియం హైడ్రాక్సైడ్, కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్, తగినంత తేమ ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ ముందు ఆ తేమలో కరిగి, సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిసి, చివరికి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయిగా మారుతుంది. ఈ చర్యలో వేడి పుడుతుంది. పనిచేస్తున్న డబ్బాను చేత్తో తాకితే ఎంత మేర వేడెక్కిందో తెలుస్తుంది. తేమ ఎండిపోయిన సోడా లైమ్ సరిగ్గా పనిచేయదు కాబట్టి మూత గట్టిగా లేని డబ్బాలో నిలవ ఉంచకూడదు.

ఆసుపత్రుల్లో మత్తుమందు యంత్రాలకు వాడే సోడా లైమ్ ఇక్కడే దొరుకుతుంది కానీ దాని గింజ పెద్దది. డైవింగ్‌కు వాడే రకం గింజ 1 నుంచి 2.5 మిల్లీమీటర్లు. గింజ చిన్నదైతే ఉపరితలం ఎక్కువ, ఊపిరికి అడ్డు కూడా కాస్త ఎక్కువ. డబ్బా ఏ గింజకు రూపొందించారో ఆ గింజే వాడాలి. ఆసుపత్రి రకంలో అయిపోయినప్పుడు ఊదా రంగుకు మారే రసాయనం కలుపుతారు, కానీ కాసేపు పక్కన పెడితే ఆ రంగు మళ్లీ తెలుపుకు తిరగవచ్చు. కాబట్టి రంగు చూసి నిన్నటి డబ్బాను ఈ రోజు వాడడం ప్రాణాలతో చెలగాటం. వాడిన సమయాన్ని పలక మీద రాసుకుని, ఆ లెక్క ప్రకారం పారవేయడమే సరైన పద్ధతి.

నింపడం కూడా ఒక విద్య. కొద్దికొద్దిగా పోస్తూ, డబ్బా పక్కలను అరచేతితో తడుతూ, గింజలు సర్దుకున్నాక మళ్లీ పోయాలి. ఎక్కడైనా ఖాళీ మిగిలితే ఊపిరి ఆ సందు గుండా సోడా లైమ్‌ను తాకకుండానే పోతుంది. నా డబ్బాలో రెండున్నర కిలోలు పడుతుంది. ప్రతిసారీ వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి రాస్తున్నాను. బరువు మునుపటి కంటే తగ్గితే సర్దుకోలేదని అర్థం, మొత్తం ఖాళీ చేసి మళ్లీ నింపుతున్నాను. ఈ పనిలో తొందర అసలు పనికిరాదు. కిలో సోడా లైమ్ ఆచరణలో నూరు లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పట్టుకుంటుందని తీసుకుంటే కాగితం మీద నాలుగు గంటలు దాటుతుంది కానీ, చల్లని నీరు, గట్టి శ్రమ, లోతు ఆ సమయాన్ని బాగా తగ్గిస్తాయి. నేను రెండు గంటలకే పారవేస్తున్నాను. డబ్బాలోకి నీరు చేరితే క్షారం కలిసిన నీళ్లు నోట్లోకి వస్తాయి. అప్పుడు మింగకుండా వెంటనే బెయిలౌట్ రెగ్యులేటర్‌కు, అంటే రీబ్రీదర్ విఫలమైతే వాడడానికి వేరే సిలిండర్‌తో వెంట ఉంచుకునే స్కూబా రెగ్యులేటర్‌కు, మారి, పైకి వచ్చాక మంచినీళ్లతో నోరు బాగా పుక్కిలించాలి.

సంచిలోని ఆక్సిజన్‌ను కొలిచే సెల్‌ల పని కూడా ఈ నెలలోనే పూర్తయింది. గాలిలో 10 మిల్లీవోల్టులు చూపే సెల్, స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో 47.6 చూపాలి. ఆ నిష్పత్తి తగ్గితే సెల్ ముసలిదైనట్టు, ఎక్కువ ఆక్సిజన్‌ను తక్కువగా చూపి మోసం చేస్తుంది. రెండు సెల్‌లు నిలిచాయి, ఒకటి 41 దగ్గర ఆగిపోయింది, దానిని తీసేశాను.

మన ఊళ్లలో పాడుబడ్డ నూతిలో పూడిక తీయడానికి దిగేముందు దీపం కట్టి దింపి చూస్తారు. అది ఆరిపోతే ఎవరూ దిగరు. రీబ్రీదర్‌లో ఆక్సిజన్ సెల్ ఆ దీపం వంటిది. దీపం వెలుగుతూనే ఉన్నా నూతిలో కార్బన్ డయాక్సైడ్ మనిషికి హాని చేసేంత పేరుకుని ఉండవచ్చు, అలాగే సెల్ చక్కని అంకె చూపుతున్నా స్క్రబ్బర్ చచ్చిపోయి ఉండవచ్చు. నీటిలోకి దిగేముందు ముక్కు మూసుకుని ఐదు నిమిషాలు యంత్రంతోనే ఊపిరి పీల్చి చూడాలన్న నియమాన్ని నేను పాటిస్తున్నాను, కానీ ఆ పరీక్ష నెగ్గినంత మాత్రాన స్క్రబ్బర్ మంచిదని నమ్మడం లేదు. నింపిన చేయి, తూచిన బరువు, రాసిన సమయం, ఈ మూడింటి మీదే నమ్మకం.

సిరిమాను పండుగ తర్వాత: గ్యాస్

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం సందడి ముగిసి పట్టణం కుదుటపడ్డాక గ్యాస్ ఏర్పాటు పూర్తి చేశాను. 200 బార్ సిలిండర్‌లో 50 శాతం మిశ్రమం కావాలంటే ముందు 73 బార్ వరకు ఆక్సిజన్, ఆపైన నూనె లేని శుభ్రమైన గాలి నింపాలి. ఆ పని ఇంట్లో చేయదలచుకోలేదు. అధిక పీడన సిలిండర్లు నింపడం 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమాల కిందికి వస్తుంది. లైసెన్సు ఉన్న చోట, ఆక్సిజన్‌కు తగినట్టు శుభ్రపరిచిన సిలిండర్‌లోనే నింపించాను. ఆక్సిజన్ వాల్వు మీద మామూలు గ్రీజు చుక్క ఉన్నా, వాల్వును ఒక్కసారిగా తిప్పినా మంట అంటుకోవచ్చు. వాల్వు తెరవడం ఎప్పుడూ నెమ్మదిగానే. నింపినవారు చెప్పిన శాతాన్ని సిలిండర్ మీద రాయలేదు, నా చేతి అనలైజర్ చూపిన 49.6ను తేదీతో సహా రాశాను.

కార్తీకం: నుయ్యి, జీడితోట

చీపురుపల్లి దగ్గర మా బావగారి పొలంలో రాతికట్టు నుయ్యి ఉంది, వానల తరువాత తొమ్మిది మీటర్ల నీరు నిలిచింది. మెట్లు ఉన్నాయి, పైన మూత లేదు, అడుగున తూములు లేవు. దిగేముందు మోటారు స్టార్టర్ నుంచి ఫ్యూజులు తీసి బావ జేబులో వేసుకున్నాడు. పక్క పొలంలో డీజిల్ ఇంజను నడుస్తుంటే దాని పొగ నూతిలోకి దిగి నీటి మీద నిలిచిపోవచ్చు కాబట్టి అది ఆగేదాకా ఆగాము. నడుముకు కట్టిన తాడు రెండవ కొస బావ చేతిలో ఉంది.

“ఒకసారి లాగితే బాగున్నట్టు, నాలుగుసార్లు లాగితే పైకి తీసేయమన్నట్టు. నేను లాగితే నువ్వు తిరిగి లాగకపోతే ఇంక నిన్ను అడగను బావా, లాగేస్తాను” అన్నాడు బావ. అంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

ఆ లోతులో ఎదురయ్యే మొదటి కొత్తదనం తేలుడు. స్కూబాలో ఊపిరి పీలిస్తే కాస్త పైకి లేస్తాము, వదిలితే దిగుతాము, గుహ డైవర్లు సన్నని సర్దుబాట్లన్నీ ఊపిరితోనే చేస్తారు. రీబ్రీదర్‌లో గాలి ఊపిరితిత్తుల నుంచి సంచికి, సంచి నుంచి ఊపిరితిత్తులకు మారుతుందే తప్ప మొత్తం పరిమాణం మారదు, కాబట్టి ఊపిరితో లేవడం, దిగడం కుదరదు. నూతి అడుగున మెత్తని బురద ఉంది. దాన్ని కదపకుండా అర మీటరు ఎత్తున నిలకడగా ఉండగలగడాన్నే పరీక్షగా పెట్టుకుని, అది అలవాటయ్యేదాకా మిగతా సాధనలకు పోలేదు.

ఆ తరువాత బెయిలౌట్ సాధన. మౌత్‌పీస్ నోట్లోంచి తీసేముందు దాని వాల్వు మూయాలి. మూయకుండా తీస్తే గొట్టాలలోకి నీరు చేరి స్క్రబ్బర్ తడుస్తుంది. మూయడం, తీయడం, మెడలో వేలాడుతున్న రెగ్యులేటర్ పెట్టుకోవడం, ఊది నీరు తొలగించి పీల్చడం, ఈ వరుసను కళ్లు మూసుకుని ఆలోచించకుండా చేయగలిగే వరకు సాగించాను. కార్బన్ డయాక్సైడ్ పెరిగి రొప్పుతున్న మనిషికి నోట్లోని మౌత్‌పీస్‌ను ఒక్క క్షణం వదలడం కూడా అసాధ్యమనిపిస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు. అందుకే సందేహం కలగగానే మారిపోవాలి, కారణం తరువాత వెతుక్కోవచ్చు.

గుహలో దారితాడు సాధనకు నీరు అక్కరలేదు. అమెరికా గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ గుహ ప్రమాదాలను పరిశీలించి చెప్పిన నియమాలలో మొదటిది, వెలుపలి నీటి నుంచి తెగకుండా సాగే తాడు లేనిదే గుహలోకి వెళ్లకూడదన్నది. జీడితోటలో చెట్ల మొదళ్లకు నడుము కిందుగా సన్నని తాడు కట్టి, కళ్లకు గంతలు కట్టుకుని, బొటనవేలు, చూపుడువేలు మధ్య తాడును వదులుగా పట్టుకుని బయటికి వచ్చే దిక్కు వెతికాను. తాడు మీద బాణపు గుర్తులు ఉంటాయి, వాటి కొస ఎప్పుడూ బయటి దారినే చూపాలి. ముడి దగ్గర దారి చీలితే వేళ్లు ఏ గుర్తును తడిమి ఎటు తిరగాలో అక్కడే నేర్చుకోవడం మంచిది. నీటిలో చూపు పోయిన తరువాత నేర్చుకోవడానికి వ్యవధి ఉండదు.

మార్గశిరం: బెయిలౌట్ లెక్క

ఈ లెక్క పూర్తయ్యాక రీబ్రీదర్ గురించి నా ఆలోచన స్థిరపడింది. 5 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ మిశ్రమం ఉంటే, 50 బార్ మిగిల్చి, నిమిషానికి 7.3 లీటర్ల ప్రవాహంతో అది 100 నిమిషాలకు పైగా వస్తుంది. ఈ సమయాన్ని చూసి గుహలో ఎంత దూరం పోవచ్చో నిర్ణయించడం సహజంగా తోస్తుంది. కానీ దూరాన్ని నిర్ణయించవలసింది యంత్రం పనిచేసే సమయం కాదు, పనిచేయకుండా పోయినప్పుడు బయటికి తెచ్చే గ్యాస్.

18 మీటర్ల లోతున గుహ ముఖద్వారం నుంచి 150 మీటర్లు లోపల ఉండగా స్క్రబ్బర్ విఫలమైందని అనుకున్నాను. చూపు లేకుండా తాడు పట్టుకుని నిమిషానికి 10 మీటర్లు కదిలితే 15 నిమిషాలు పడుతుంది. మొదటి మూడు నిమిషాలు రొప్పుతూ నిమిషానికి 50 లీటర్లు, తరువాతి పన్నెండు నిమిషాలు 25 లీటర్లు పీలుస్తానని తీసుకుంటే, 2.8 బార్ పీడనంలో 1,260 లీటర్లు కావాలి. పైకి రావడానికి, ఆగడానికి మరో 180. మొత్తం 1,440. దానికి సగం అదనంగా కలిపితే 2,160. నిండు 12 లీటర్ల సిలిండర్‌లో 2,400 ఉంటాయి. అంటే రీబ్రీదర్ గంటన్నర దాటి నడిచినా ఒక సిలిండర్ బెయిలౌట్‌తో నా హద్దు 150 మీటర్లే. ఆ ఒక్క రెగ్యులేటర్ మొరాయిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు కాబట్టి, రెండు వేర్వేరు సిలిండర్లు, రెండు వేర్వేరు రెగ్యులేటర్లు ఉంటేనే ఆ 150 మీటర్లను అంగీకరిస్తాను. రెండవ సిలిండర్ ఉంది కదా అని దూరం పెంచడం లేదు. నాతో వచ్చే డైవర్ గ్యాస్‌ను ఈ లెక్కలో కలపలేదు, అది అతని ప్రాణానికి లెక్క.

నిమిషానికి 20 లీటర్ల చొప్పున బెయిలౌట్ లెక్క వేసేవారు ఉన్నారు. ప్రశాంతంగా ఈదే మనిషి ఊపిరి అది. బెయిలౌట్‌కు మారవలసి వచ్చిన మనిషి ప్రశాంతంగా ఉండడు. 2018లో థాయిలాండ్‌లోని థామ్ లుఆంగ్ గుహలో పిల్లలను రక్షించే పనిలో సమన్ కునాన్ ప్రాణాలు కోల్పోయాడు. శిక్షణ పొందిన మాజీ నావికాదళ డైవర్ అతను. గుహ నీటిలో అనుభవజ్ఞులకు కూడా మినహాయింపు లేదని ఆ వార్త వచ్చిన రోజునే నా మనసులో నాటుకుంది.

ధనుర్మాసం: నిర్ణయం

స్థిర ప్రవాహపు సెట్టును గుహలోకి తీసుకువెళ్లను. దానిని నూతిలోనూ, సముద్రంలో తక్కువ లోతులోనూ, ఆక్సిజన్ మీటరు కళ్ల ముందు ఉంచుకుని, సాధనకు మాత్రమే వాడతాను. ప్రతి డైవ్‌కు ముందు డబ్బా, స్టాప్‌వాచీతో ప్రవాహాన్ని కొలవడం తప్పనిసరి. 7.3 లీటర్లకు అర లీటరు తేడా వచ్చినా ఆ రోజు నీటిలోకి దిగడం లేదు.

గుహ శిక్షణకు తిత్తుల రకాన్నే ఎంచుకున్నాను. కొనడం లేదు, శిక్షణ జరిగే చోట అద్దెకు తీసుకుని, అదే యంత్రం మీద నేర్పగల శిక్షకుడి వద్ద చేరాలని నిర్ణయించుకున్నాను. ముందుగా మామూలు స్కూబాతో గుహ శిక్షణ పూర్తి చేయాలి, రీబ్రీదర్ ఆ తరువాతే. గుహ, రీబ్రీదర్ రెండూ ఒకేసారి కొత్తవి కాకూడదు. శిక్షకుడికి రాసిన లేఖలో మూడు సంగతులు అడిగాను: ఆ యంత్రం విసర్జించే వంతు ఖచ్చితంగా ఎంత, డబ్బాలో ఏ గింజ సోడా లైమ్ ఎంత బరువు పడుతుంది, తక్కువ లోతులో మిశ్రమం ఎక్కడ మార్చుకోమంటారు. మొదటి దానికి జవాబు రాగానే శ్రావణంలో వేసిన లెక్కను ఆ అంకెతో మళ్లీ వేయాలి. బెయిలౌట్ రెగ్యులేటర్లు రెండూ సర్వీసుకు ఇచ్చాను, సంక్రాంతి తరువాత వస్తాయి. అప్పటికి నూతిలో నీరు ఆరు మీటర్లకు తగ్గుతుందని బావ అంటున్నాడు. రెండు సిలిండర్లు పక్కలకు తగిలించుకుని చేసే సాధనకు ఆ లోతు చాలు.